తోక మిగల్చని ముడి

మత్స్యశాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవంతో ఏదైనా చెప్పండి" అంటారు. చేపల గురించి చెబుతానని ఆశపడతారు పాపం. చేపల గురించి చెప్పడానికి పుస్తకాలున్నాయి, శిక్షణా తరగతులున్నాయి, ఇప్పుడు వీడియోలు కూడా ఉన్నాయి. నేను మాత్రం ఒక ముడి గురించి చెబుతాను. ఆ ముడి వేసింది నేనే. దాని వల్ల ఇంకొకరి నోటికాడి ముద్ద పోబోయింది. కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

మాది వేములవాడ దగ్గర నేతపని చేసే ఊరు. ఇంట్లో రెండు సాంచాలు ఉండేవి. మరమగ్గాలను మా దిక్కు అలాగే అంటారు. ఉద్యోగం రాకముందు ఐదారేళ్లు నేనూ సాంచ నడిపాను. పోగు తెగితే సాంచ ఆపి, తెగిన రెండు కొసలనూ కలిపి ముడి వేసి, మళ్లీ నడపాలి. ఆ ముడి దువ్వెన పళ్లలా ఉండే అచ్చు సందుల్లోంచి దూరిపోవాలి. ముడికి తోక మిగిలిందంటే అది అచ్చులో చిక్కుకుని పక్కనున్న నాలుగు పోగుల్ని కూడా తెంపుతుంది. అందుకే మా బాపు నేను వేసిన ప్రతి ముడినీ కళ్లు మూసుకుని వేలితో తడిమేవాడు. ఆయన వేలికి ముడి తగిలితే నా వీపుకి ఆయన చెయ్యి తగిలేది. అలా నేర్చుకున్న విద్య నాది.

ఉద్యోగంలో చేరాక ఆ విద్యను ఎక్కడ చూపించాలో తెలియక ఆఫీసు ఫైళ్ల మీద చూపించాను. నేను టేపు కట్టిన ఫైలును విప్పడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఒకసారి మా సూపరింటెండెంటు గారు విసుగొచ్చి బ్లేడుతో కోయబోయి, టేపుతో పాటు కింద ఉన్న కాగితాన్ని కూడా కోసేశారు. అది ఆయన సెలవు దరఖాస్తే. ఆ రోజు నుంచి ఫైళ్లు కట్టే పని నాకు తప్పింది, 'ముడుల మాస్టర్' అన్న పేరు మాత్రం మిగిలింది. అది పొగడ్తో ఎక్కిరింపో నేను ఎవరినీ అడగలేదు. పొగడ్తే అని నిర్ణయించుకున్నాను.

సర్వీసు చివరి రోజుల్లో నన్ను నిర్మల్ దాటాక ఉన్న ఒక ప్రాజెక్టు దగ్గర వేశారు. ప్రాజెక్టు అంటే మాకు ఆనకట్ట, దాని వెనుక నీళ్లు, అన్నీ కలిపి. అక్కడ మా శాఖ బలగమంతా ఇద్దరమే. ఒకణ్ని నేను. రెండో అతను పడవ నడిపే మనిషి, నిర్మల్ ముస్లిముల అబ్బాయి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ని. పన్నెండేళ్లుగా అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నాడు. ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిపోయిన చెట్ల మోడులు నీళ్ల కింద ఎక్కడెక్కడున్నాయో అతనికి తన ఇంటి గడపల్లా తెలుసు. కొత్తవాళ్లు పడవ నడిపితే పది నిమిషాల్లో ఏదో ఒక మోడుకు గుద్దుకునేవాళ్లు. అతని చేతిలో అది ఎన్నడూ గుద్దుకోలేదు.

మా జిల్లా అధికారి ఒక మేడమ్. జమ్మికుంట ఆవిడ, వయసులో నా కూతురంత. ఆమె గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మెల్లగా ఒక మాట అడిగి, మనం చెప్పిన జవాబును డైరీలో రాసుకునేవారు. అరిచే అధికారుల దగ్గర ముప్పై ఏళ్లు నిబ్బరంగా ఉన్న నేను, ఆ డైరీకి భయపడేవాణ్ని.

ఒకరోజు మేడమ్ ఫోన్ చేశారు. "మన పడవ సంగతి పైనుంచి అడుగుతున్నరు. ఎక్కువగ తిరగని పడవ అక్కడెందుకు, వేరే జిల్లాకు పంపమంటున్నరు. పడవ పోతే డ్రైవర్‌ను గూడ ఉంచలేం" అన్నారు. వెంటనే, "హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన వస్తుండు. గాలంతోని చేపలు పట్టి మళ్లా నీళ్లల్లనే వదిలిపెట్టేటోళ్ల సంఘం ఉన్నదట, అందులో పెద్దమనిషి. ఆయనకు మన జాగా నచ్చితే వాళ్లంతా ప్రతి సీజన్‌ల వస్తరు. అప్పుడు పడవ అవసరమని నేను ధైర్యంగ రాయొచ్చు" అన్నారు.

ఈ మాట మా భాయ్‌కి చెప్పాను. అతను కాసేపు నీళ్ల వైపు చూసి, "జర మంచిగ చూసుకుందాం అన్నా. నాకు ఈ నీళ్లు తప్ప వేరే ఏం తెల్వది" అన్నాడు. మరునాడు నేను వచ్చేసరికి పడవ ముక్కు మెరిసిపోతోంది. వాళ్ల బావమరిది కొయ్యబొమ్మలకు రంగులేసే చోట పనిచేస్తాడు. అక్కడ మిగిలిన చిలకపచ్చ రంగు తెచ్చి పూసేశాడు.

"పెద్దాయన దీన్ని బొమ్మ అనుకోని మనుమరాలికి పట్టుకపోతడేమో" అన్నాను.

"పట్టుకపోతే నన్ను గూడ అందులనే కూసోబెట్టి పట్టుకపోమ్మను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ పూట అతను అన్నం సరిగ్గా తినలేదు.

పెద్దాయన చెప్పిన రోజున పొద్దున్నే మేడమ్‌తో కలిసి దిగాడు. రిటైరైన ఇంజనీరు. నెత్తిన బట్ట టోపీ, చొక్కా నిండా జేబులు, ప్రతి జేబులో ఏదో ఒక డబ్బీ. మనిషి మాత్రం పసిపిల్లాడి లాంటివాడు. సంచీ విప్పి ఒక్కో వస్తువూ మాకు చూపించాడు. బారెడు కాదు, బారన్నర పొడవున్న సన్నటి కర్ర. కర్ర మొదట్లో బిగించిన గిర్రకు చుట్టిన లావుపాటి పసుపుపచ్చ తాడు. ఆ తాడు చివర కంటికి కనపడనంత సన్నటి నైలాన్ దారం. దాని కొసన కోడి ఈకలతో చేసిన బుల్లి కప్ప, కప్ప పొట్ట కింద గాలం.

"మామూలు గాలానికి ఎర బరువుంటది, దాన్నే విసురుతం. ఇక్కడ కప్పకు బరువు లేదు, తాడుకే బరువు. కాని గీ లావు తాడు చూస్తే చేప దగ్గరికి రాదు. అందుకని నడుమ సన్న దారం ఉండాలె. దీన్ని లీడర్ అంటరు" అని వివరించాడు.

మా భాయ్ ఆ దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూసి, "లీడర్ అంటే గింత సన్నగ ఉంటడా సార్" అన్నాడు. మేడమ్ కూడా నవ్వారు. డైరీ తెరవలేదు. శకునం బాగుందనుకున్నాను.

పడవ ఎక్కే ముందు ఒడ్డునే ఒకసారి విసిరి చూపిస్తానన్నాడు పెద్దాయన. కర్రను వెనక్కి ఊపాడు. వెనక తుమ్మచెట్టు ఉంది. కప్ప వెళ్లి తుమ్మ ముళ్లలో కూర్చుంది. అది తెలియక ఆయన ముందుకు లాగాడు. లావు తాడుకీ సన్న దారానికీ ఉన్న అతుకు ఊడిపోయింది. ఏమైందా అని ఆయన వంగేసరికి కళ్లజోడు జారి నీళ్లలో పడింది. ఒకే ఒక్క ఊపులో ఇన్ని నష్టాలు చేసిన మనిషిని నేను మా శాఖలో కూడా చూడలేదు.

కళ్లజోడు కోసం భాయ్ నడుంలోతు నీళ్లలో దిగి వెతికాడు. దొరకలేదు. తుమ్మ ముళ్లలోంచి దారం, కప్ప మాత్రం క్షేమంగా తెచ్చాడు. ఇప్పుడు ఆ రెండింటినీ మళ్లీ కలపాలి.

"ముడి ఏసుడు మా ఆవిడ పని. నలభై ఏండ్ల సంది ఆమెనే ఏస్తది. మోకాలి ఆపరేషన్ అయ్యింది, రాలేకపోయింది" అన్నాడు పెద్దాయన దిగులుగా. "పద్ధతి నాకు తెలుసు, కండ్లు కనవడ్తలేవు. ఒక సన్నటి మేకు తెప్పించున్రి. లావు తాడు పక్కన మేకు పెట్టి, రెండిటి మీద కలిపి సన్న దారాన్ని ఐదారు చుట్లు చుట్టాలె. చుట్ల కిందికెల్లి కొస తీసి, మేకు గుంజేసి బిగియ్యాలె. నా ఫోన్‌ల వీడియో ఉన్నది, చూడున్రి."

మేడమ్ ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు. ఆ ఒడ్డున నెట్ ఎప్పుడూ అందదు. వీడియో గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది.

"మేకు దేనికి సార్" అన్నాను నేను. "మేకు తలుపులకు ఉండనియ్యున్రి. రెండు కొసలు కలుపుడు మా ఇంటి పని."

ఎవరైనా నన్ను అక్కడ ఆపి ఉంటే బాగుండేది. ఆపకపోగా భాయ్ పక్కనుంచి, "మా అన్న ముడి ఏస్తే బ్లేడే దిక్కు సార్" అని ఎగదోశాడు. లావు తాడు కొసను మడిచి పట్టుకుని, సన్న దారాన్ని దాని చుట్టూ తిప్పి, దాని కిందినుంచే దూర్చి బిగించాను. సాంచ మీద లెక్కలేనన్ని సార్లు వేసిన ముడి. బిగించాక రెండు తోకలనూ పళ్లతో మొదలంటా కొరికేశాను. పెద్దాయన కళ్లు మూసుకుని ముడి మీద వేలు నడిపాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.

"అరె, ముడి ఉన్నట్టే తెలుస్తలేదు. మా ఆవిడ ఏసింది గూడ జర తగుల్తది" అన్నాడు.

మా బాపు నోట ఎన్నడూ రాని మాట. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోవడానికి కష్టమైంది.

పడవలో నలుగురం బయలుదేరాం. భాయ్ మోడులను తప్పించుకుంటూ తామరాకులున్న వైపు తీసుకెళ్లి ఇంజన్ ఆపాడు. కొర్రమట్ట, అదే కొర్రమీను, ఊపిరి కోసం నీటి పైకి వస్తుంది. వచ్చిన చోట రెండు బుడగలు లేస్తాయి. ఆ బుడగలను పసిగట్టడంలో భాయ్‌ని మించినవాళ్లు లేరు.

"గాడ సార్. గా పెద్దాకు ఎడమకు" అన్నాడు మెల్లగా.

పెద్దాయనకు కళ్లజోడు లేకపోయినా చెయ్యి బాగానే గుర్తుంచుకుంది. మొదటిసారి విసిరితే కప్ప నా టోపీని ఎత్తుకుపోయింది. రెండోసారి ఆకు మీద పడింది. మూడోసారి పసుపు తాడు గాలిలో పొడుగ్గా సాగి, కప్ప ఆకు పక్కన చప్పుడు లేకుండా వాలింది. ఆయన దాన్ని ఒకసారి కదిలించాడు. నీళ్లు పగిలాయి. నల్లటి వీపు ఒకటి తిరగబడటం అందరం చూశాం. చిన్న చేప కాదు, నా మోచెయ్యికంటే పొడుగుంది.

కర్ర వంగిపోయింది. గిర్ర అరుస్తోంది. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మేడమ్ లేచి నిలబడ్డారు. చేప మోడుల వైపు పరుగెత్తింది, దాని వెనకే పడవ కూడా జరుగుతోంది. ఎదురుగా నీళ్ల కింద పెద్ద మోడు ఉందని భాయ్‌కి తెలుసు. పడవను వెనక్కి తీయడానికి ఒక్క క్షణం ఇంజన్ స్టార్ట్ చేశాడు. సరిగ్గా అప్పుడే కర్ర నిటారుగా లేచి, పెద్దాయన వెనక్కి కూలబడ్డాడు.

పసుపు తాడు నీళ్ల మీద వదులుగా తేలుతోంది.

"ఇంజన్ పంకకు తగిలి దారం తెగినట్టున్నది" అన్నాడు పెద్దాయన. కోపంగా అనలేదు. దిగులుగా అన్నాడు, అది ఇంకా అన్యాయం.

మేడమ్ వెనక్కి తిరిగి, "ఇంజన్ ఎందుకు స్టార్ట్ చేసిండ్రు?" అని మెల్లగా అడిగారు. డైరీ బయటికి వచ్చింది.

"మోడు ఉన్నది మేడమ్, గుద్దుకుంటదని" అన్నాడు భాయ్. తర్వాత తల దించుకుని, "పన్నెండేండ్లల్ల ఒక్కసారి గూడ పంకకు తాడు తలగలే. ఇయ్యాల్నే తలిగింది. తప్పయింది" అన్నాడు.

పెద్దాయన తాడు చుట్టమని నాకు ఇచ్చాడు. చుట్టుకుంటూ పోతే పసుపు తాడు కొస చేతికొచ్చింది. పంకకు తగిలితే సన్న దారం ఎక్కడో మధ్యలో తెగాలి, నా ముడి, దాని వెంట కాస్త దారం తాడుకే ఉండాలి. ముడి లేదు, దారం లేదు. తాడు కొస ఎక్కడా తెగకుండా, నేను మడిచిన చోట కొక్కెంలా వంగి ఉంది. అంటే దారం తెగలేదు. నా ముడిలోంచి జారిపోయింది.

ఎందుకు జారిందో అప్పటికప్పుడే అర్థమైంది. నూలు పోగు గరుకుగా ఉంటుంది, పైగా గంజి పెట్టి ఉంటుంది. ఒకసారి పట్టుకుంటే వదలదు, తోక అక్కర్లేదు. నైలాన్ నున్నటిది. కాస్త తోక మిగిలిస్తే గానీ నిలబడదు. నేను దాన్ని మొదలంటా కొరికేశాను. చేపలశాఖలో ముప్పై ఏళ్లు నైలాన్ వలల మధ్యే తిరిగాను. అయినా ముడి వేసేటప్పుడు నేను సాంచ దగ్గరే ఉన్నాను.

అర్థం కాగానే నేను చేసిన మొదటి పని, ఆ కొసను పిడికిట్లో మూసెయ్యడం.

ఒడ్డుకు పది నిమిషాల దారి. ఒడ్డుకెళ్లాక చెబుదామనుకున్నాను. తర్వాత, భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను. ఆ తర్వాత, మేడమ్‌కి రేపు ఫోన్‌లో విడిగా చెప్తే మర్యాదగా ఉంటుంది కదా అనుకున్నాను. నాకు ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ముడుల మాస్టర్ ముడి జారిందంటే జిల్లా అంతా నవ్వుతుంది. నాకు పోయేది అంతే, నలుగురి నవ్వు. భాయ్‌కి పోయేది బతుకుదెరువు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని పది నిమిషాలు ఆలోచించానంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒడ్డున దిగాం. భాయ్ పడవ కట్టేస్తున్నాడు. మేడమ్ ఒడ్డు మీదున్న గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చుని నాతో, "పడవ సంగతి ఈ వారంల రాసి పంపిస్త. మీరు సామాన్ల లిస్టు తయారు చేసి పెట్టుకోండ్రి" అన్నారు. లిస్టు అంటే అప్పగింత. నిర్ణయం అయిపోయిందన్నమాట.

పిడికిలి తెరిచాను.

"మేడమ్, ఇంజన్ కాదు. నా ముడి జారింది" అన్నాను.

పెద్దాయన ఆ కొసను తీసుకుని వేలితో తడిమాడు. వంపు దగ్గర వేలు ఆగింది. "అవును. తెగలే. జారింది" అన్నాడు. "తోక ఎంత వదిలినవ్?"

"వదల్లేదు సార్. వదిలితే మా బాపు కొట్టేటోడు" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేకపోయాడు. "తప్పు నాది గూడ ఉన్నది. అంత నున్నగున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పాపం ఆయన్ని అన్న" అంటూ భాయ్ వైపు చెయ్యెత్తి దండం పెట్టాడు. చేప నోట్లో గాలం ఏమవుతుందని మేడమ్ అడిగితే, తన గాలాల కొసకు చేపను పట్టి ఉంచే వెనక ముల్లు ఉండదని, చేప రెండుసార్లు తల విదిలిస్తే రాలిపోతుందని చెప్పాడు. తర్వాత మేడమ్ దగ్గర అయిపోయిన పెన్ను రీఫిల్ ఒకటి తీసుకుని, దాన్నే మేకులా వాడి, నా చేతులతోనే ఆ చుట్ల ముడి వేయించాడు. తోక బియ్యపు గింజంత మిగిల్చాను. మిగిలిస్తుంటే వీపు మీద ఎక్కడో జలదరించింది. ఈసారి నలుగురం లాగినా జారలేదు.

మేడమ్ డైరీలో ఒక కాగితం చింపేశారు. ఆమె కాగితం చింపగా చూడటం అదే మొదలు.

అందరూ తేలికపడ్డారు, నేను కూడా. నవ్వనివాడు భాయ్ ఒక్కడే. వాళ్లు భోజనానికి లోపలికి వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు.

"నడిమి నీళ్లకెల్లి ఒడ్డుకొచ్చేదాంక, ఇంట్ల ఏం చెప్పాల్నా అని మాటలు ఎతుక్కుంటున్న అన్నా" అన్నాడు. "నా బీవీకి ఎట్ల చెప్పాలె, మా అమ్మీకి ఎట్ల చెప్పాలె. నువ్వు నాకు రెండు మూరల దూరంల కూసున్నవ్. నీ చేతులనే ఉన్నది."

అతని గొంతులో కోపం కూడా లేదు. నేను క్షమించమని అడిగేలోపే వెనక్కి తిరిగాడు. అతను వెళ్లి పడవలో నీళ్లు తోడుకుంటూ కూర్చున్నాడు.

పడవ అక్కడే ఉండిపోయింది. పెద్దాయన మంచి మాటలు రాశాడు, మేడమ్ అంతకంటే మంచిగా రాశారు. మరుసటి సీజన్‌లో ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నా ముడి చూసి, "పర్వాలేదు, నేర్చుకుంటే వస్తది" అన్నారు. జిల్లా అంతా నవ్వింది కూడా. నవ్వితే ఏమీ కాలేదు. మూడో రోజుకు వాళ్లకు నవ్వుకోవడానికి ఇంకో మనిషి దొరికాడు.

భాయ్ మాత్రం పది రోజులు పనిమాటలు తప్ప నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు నేను పడవ ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "చెయ్యి చూపియ్ అన్నా" అన్నాడు. అర్థం కాక చూశాను. "కుడి చెయ్యి. తెరువు." తెరిచాను. అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం లేదు. ఎక్కు" అన్నాడు. అప్పటినుంచి ఎప్పుడు పడవ ఎక్కినా ఇదే తంతు. ఒకసారి మేడమ్ ఎదురుగానే అడిగాడు. అతనికి హస్తసాముద్రికం వచ్చని ఆమె అనుకున్నారు. నేను కాదనలేదు.

పిల్లలూ, ఉద్యోగంలో ముడులు జారతాయి. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా జారతాయి, దానికి ఎవరూ చచ్చిపోరు. ఆ ముడి నా పొరపాటు. ఆ పది నిమిషాలు పొరపాటు కాదు, తెలిసి చేసిన పని. ఇన్నేళ్ల సర్వీసులో నేను మర్చిపోలేనిది అదే.

రిటైరైన రోజు శాలువాలు, దండలు అయ్యాక చివరిసారి నీళ్ల మీద తిరిగొద్దామని ప్రాజెక్టు దగ్గరికి వెళ్లాను. భాయ్ పడవలో ఉన్నాడు. గట్టు దిగి, అతను అడగకముందే నేనే కుడిచెయ్యి చాపి అరచెయ్యి తెరిచాను. అతను చూడలేదు. ఆ చేతిని పట్టుకుని నన్ను పడవలోకి లాగి, ఇంజన్ స్టార్ట్ చేశాడు.